సున్నా అడుగు వచ్చిన ఏడాది

మెడలో ఈల వేసుకుని రిఫరీలుగా కోర్టులోకి కొత్తగా దిగుతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగుతూ అందరూ అడిగేది ఒకటే: "మేడమ్, మీరు ఊదిన మ్యాచుల్ల అన్నిట్కంటె కష్టమైంది ఏది?" గొడవలు, కొట్లాటలు చెబుతానని వాళ్ల ఆశ. ప్రేక్షకులు కుర్చీలు విసిరిన మ్యాచ్ కూడా నా అనుభవంలో ఉంది. కానీ అది నాకు కష్టమనిపించలేదు. ఎవరిది తప్పో ఆరోజు నాకు స్పష్టంగా తెలుసు, చెప్పేసి వచ్చాను. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన మ్యాచ్‌లో ఎవరూ కుర్చీ విసరలేదు, ఎవరూ తిట్టలేదు. అందులో ఏం జరిగిందో మాత్రం నాకు ఈరోజుకీ సరిగ్గా తెలియదు.

ఆడపిల్లల కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ జిల్లాలో బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకు రిఫరీగా వెళ్లేదాన్ని. ఈ ఆటలో ముఖ్యమైన నియమాల్లో ఒకటి అడుగులది. బంతి చేతిలో ఉంచుకుని రెండడుగులకు మించి వేయకూడదు. వేస్తే ట్రావెలింగ్, బంతి అవతలి జట్టుకు పోతుంది. "ఒకటి, రెండు, ఆగు" అని చప్పట్లు కొడుతూ ఎంతమంది ఆడపిల్లలకు నేర్పానో లెక్కలేదు. నా కళ్లు కూడా ఆ చప్పట్లకే అలవాటుపడ్డాయి. ఎవరైనా మూడో అడుగు వేస్తే, నేను ఆలోచించే లోపే ఈల మోగేది, చెయ్యి లేచేది.

నా సర్వీసు చివర్లో రెండు నిబంధనలు మారాయి.

మొదటిది అడుగుల గురించి. పరుగెత్తుతూ బంతిని చేతుల్లోకి తీసుకున్నప్పుడు, ఆ క్షణంలో నేల మీద ఉన్న కాలును ఇక లెక్కపెట్టకూడదు. దాన్ని సున్నా అనుకోవాలి. ఆ తరువాత ఒకటి, రెండు. అంటే పిల్లలకు దాదాపు ఒక అడుగు అదనంగా దొరికింది.

రెండోది సమయం గురించి. బంతి చేతికొచ్చిన జట్టు ఇరవై నాలుగు సెకన్లలో బుట్ట వైపు వేయాలి. వేసిన బంతి బుట్ట రింగుకు తగిలి, పడకుండా మళ్లీ అదే జట్టుకు దొరికితే, ఇంతకుముందు మొత్తం ఇరవై నాలుగూ కొత్తగా ఇచ్చేవాళ్లం. ఇకనుంచి పద్నాలుగే. రింగుకు తగలకపోతే కొత్తగా ఏమీ రాదు, పాత సమయంలో మిగిలినదే.

ఆట ఆగకుండా, వేగంగా సాగాలని ఈ మార్పులు చేశారట. టీవీలో చూస్తే నిజమే అనిపించేది. మా దగ్గర మాత్రం ఆ ఏడాది ఆట ఆగినంతగా ఎప్పుడూ ఆగలేదు.

కొత్త నిబంధనలు చెప్పడానికి హైదరాబాదులో శిబిరం పెట్టారు. నాకు పరీక్షల డ్యూటీ పడడంతో వెళ్లలేకపోయాను. మా జిల్లా నుంచి ఒక కుర్ర రిఫరీ వెళ్లాడు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రోజూ రైల్లో వచ్చి ఇక్కడి బడిలో ఆటలు నేర్పే మాస్టారు, చురుకైన మనిషి. తిరిగొచ్చాక మమ్మల్ని మా కాలేజీ హాల్లో కూర్చోబెట్టి, బంతి పట్టుకుని నడిచి చూపించాడు. "ఇది సున్నా. ఇగో ఇది ఒకటి. ఇది రెండు."

మా టైమ్‌కీపర్ కూడా అక్కడే ఉన్నాడు. ఆయనకు బజార్లో బట్టల దుకాణం. అందరం సేటూ అనే పిలుస్తాం. చదువుకునే రోజుల్లో ఆడిన ఆట మీద ప్రేమతో, టోర్నమెంటు ఉందంటే దుకాణం తమ్ముడికి అప్పజెప్పి వచ్చేసేవాడు. ఆయన అతని కాళ్లనే చూస్తూ అడిగాడు.

"సున్న అంటె లేనట్టే గద. మరి కాలు అయితె కిందనే ఉంది. లేనిదెట్లయితది?"

"లేదని కాదు సేటూ, లెక్కకు రాదు."

"మల్లోపాలి నడువు."

మళ్లీ నడిచాడు. ఈసారి సున్నా వేరే కాలు మీద పడింది. మాకు అనుమానం వచ్చింది. మూడోసారి నడిచేసరికి అతనికీ అనుమానం వచ్చినట్టుంది. "ఆడ చెప్పినప్పుడు మంచిగనే సమజైంది మేడమ్" అని బంతి కింద పెట్టేశాడు.

ఆ వారమంతా ఇంట్లో వరండాలో క్యాబేజీ పట్టుకుని నడిచాను. సున్నా, ఒకటి, రెండు. మా ఆయన పేపరు దించి, "వండేదుంటె వండు, లేకుంటె ఫ్రిజ్ల పెట్టు, దాన్ని తిప్పుడెందుకు" అన్నాడు. నోటికి నిబంధన బాగానే వచ్చేసింది. కళ్లకూ చేతికీ వచ్చిందో లేదో వరండాలో తెలిసే విషయం కాదు.

అలాంటి పరిస్థితిలో జిల్లా బాలికల ఫైనల్ వచ్చింది. గెలిచిన జట్టు రాష్ట్రస్థాయికి వెళుతుంది. ఒక జట్టు హన్మకొండది. వాళ్ల కోచ్ హైదరాబాదులో ఆడి వచ్చినవాడు, కొత్త అడుగును పిల్లల కాళ్లకు అప్పటికే పట్టించేశాడు. రెండో జట్టు కొత్తవాడ వైపు బడిది. వాళ్ల పీటీ మాస్టారు నా తరం మనిషి. ఒకటి, రెండు, ఆగు.

ఆ కొత్తవాడ జట్టులో ఒక అమ్మాయి ఉండేది. సన్నగా, పొట్టిగా ఉన్నా బంతి అందుకుందంటే ఆమెను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. తండ్రి జంపఖానాలు నేస్తాడు. ఆరోజు మగ్గం ఆపి, ఒక జంపఖానా చంకన పెట్టుకుని వచ్చి, మెట్ల మీద పరిచి, వాడవాళ్లందరినీ దాని మీద కూర్చోబెట్టాడు. మ్యాచ్‌కు ముందు నేను అటు వెళితే లేచి నిలబడ్డాడు.

"మేడమ్, స్టేట్‌కు పోతె ఆడనిస్త. పోకుంటె ఇగ బంద్. వాళ్లమ్మకు మాటిచ్చిన. ఎండల తిరిగి తిరిగి బిడ్డ నల్లబడ్డదని రోజు లొల్లి."

ఆ అమ్మాయి పక్కనే కూర్చుని బూట్ల లేసు కట్టుకుంటోంది. తల ఎత్తలేదు. లేసు కట్టి, విప్పి, మళ్లీ కట్టింది.

మ్యాచ్ మొదలైంది. రిఫరీలం ఇద్దరం, నేనూ ఘన్‌పూర్ అబ్బాయీ. ఒకరు బుట్ట కింద, ఒకరు వెనకాల. ఆట అటు తిరిగితే స్థానాలు మారతాయి. ప్రధాన రిఫరీని నేనే.

మొదట్లోనే హన్మకొండ కెప్టెన్ పరుగెత్తుతూ బంతి అందుకుని, ఆ కొత్త అడుగు వేసి, గాలిలోకి లేచి బంతిని బుట్టలో వేసింది. అది ఘన్‌పూర్ అబ్బాయి కళ్ల ముందు జరిగింది. అతను ఊదలేదు. పాయింట్లు వచ్చాయి. కాసేపటికి అదే అమ్మాయి అదే పని నా ముందు చేసింది. నా ఈల మోగింది, నా చెయ్యి లేచింది. హన్మకొండ కోచ్ రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. అరవలేదు. అరిచి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆట నడక చెడిపోయింది. హన్మకొండ పిల్లలు మొదట నీళ్లలా పారారు. నా ఈల తరువాత వాళ్లకూ తడబాటు మొదలైంది. నేనున్న వైపు ఒకలా, అతనున్న వైపు ఒకలా ఆడసాగారు. కొత్తవాడ పిల్లలు రెండడుగులకు టక్కున ఆగి బంతి ఎవరికివ్వాలా అని చూస్తుంటే, అవతలివాళ్లు కమ్ముకునేవాళ్లు. ఎవరి చేతికి బంతి వచ్చినా ముందు బుట్ట వైపు కాదు, మా మొహాల వైపు చూడడం మొదలుపెట్టారు.

అవతలివాళ్ల అడుగు చూసి కొత్తవాడ అమ్మాయి కూడా దాన్ని ప్రయత్నించింది. చూసి నేర్చుకున్న అడుగు కదా, ఒకటి ఎక్కువ పడింది. ఘన్‌పూర్ అబ్బాయి ఊదాడు. సరిగ్గానే ఊదాడు. ఆ అమ్మాయి బంతి కింద పెట్టి నా దగ్గరికొచ్చింది.

"మేడమ్, వాళ్లేస్తె తప్పు గాదు, నేనేస్తె తప్పా?"

"వాళ్లేసింది వేరే బిడ్డా."

"వేరేదేంది మేడమ్?"

బంతి లోపలికి వేయడానికి అవతలి అమ్మాయి గీత దగ్గర నిలబడి ఉంది. హాల్లో ఒక పూట కూర్చుని చూసినా మాకే అంతుపట్టనిదాన్ని అక్కడ ఏం చెప్పను? "ఆడు, ఆడు" అని పంపేశాను.

సగం ఆట అయ్యాక మేమిద్దరం పక్కకు వచ్చాం.

"మేడమ్, మీరు ఊదింది ట్రావెల్ గాదు" అన్నాడు అబ్బాయి, మెల్లగా.

"తెల్సు తమ్మీ. నోటితోని అడిగితె చెప్త. చెయ్యికే ఇంకా తెలుస్తలేదు."

"మరెట్ల జేద్దాం?"

ఆలోచించి చెప్పాను. "అడుగులు మొత్తం నువ్వే జూడు, ఏ వైపున్నా సరె. నెట్టుకునుడు, తాకిచ్చుకునుడు నేను జూస్త. అప్పుడు ఒక్క తీరుగ ఉంటది."

అతనికీ నచ్చింది. ఆ క్షణంలో అంతకన్నా తెలివైన ఏర్పాటు లేదనిపించింది. నిజంగానే మిగతా సగం కొంత బాగా సాగింది. ఈలలు తగ్గాయి. పిల్లలు మా మొహాలు చూడడం తగ్గించారు. కొత్తవాడ జట్టు నెమ్మదిగా పుంజుకుని, చివరి నిమిషానికి ఒక్క పాయింటు వెనక దాకా వచ్చింది.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి. నేనూ ఎన్నోసార్లు జాగ్రత్తగా గుర్తు చేసుకున్న భాగం ఇది.

ఆట ముగియడానికి అర నిమిషం కూడా లేదు. బంతి హన్మకొండ చేతిలో ఉంది. వాళ్లకిచ్చిన ఇరవై నాలుగు సెకన్లు దాదాపు అయిపోవచ్చాయి. కెప్టెన్ తొందరలో బుట్ట వైపు విసిరింది. పడలేదు. కింద ఇరు జట్ల పిల్లలు గుంపుగా ఎగిరారు. బంతి మళ్లీ హన్మకొండ అమ్మాయికే దొరికింది. మా కోర్టులో అంకెలు వెలిగే గడియారం లేదు. సేటు చేతిలో స్టాప్‌వాచ్, బల్ల మీద హారన్, ఆయన గొంతు, అంతే. ఆయన గట్టిగా, "ఇరవై నాలుగు" అని మొదలుపెట్టాడు.

కొత్తవాడ మాస్టారు బెంచీ మీద నుంచి లేచాడు. "సేటూ, ఇప్పుడు పద్నాలుగే గద. రింగుకు తాకితె పద్నాలుగే."

నేను ఈల ఊది ఆట ఆపాను. ఆటలో అంత సమయం మిగల్లేదు కాబట్టి, ఇరవై నాలుగు ఇస్తే హన్మకొండ బంతిని పట్టుకుని కూర్చుంటే చాలు, ఆట అయిపోతుంది. పద్నాలుగైతే వాళ్లు మళ్లీ వేయాలి, కొత్తవాడకు ఒక్క అవకాశం మిగులుతుంది. సేటు నుదురు కొట్టుకున్నాడు. "అలవాటుల అనేసిన మేడమ్. పద్నాలుగే."

అప్పుడు ఘన్‌పూర్ అబ్బాయి నా దగ్గరికొచ్చి అడిగాడు. "మేడమ్, అసలు రింగుకు తాకిందా?"

తాకకపోతే కొత్త సమయమే లేదు. పాత సమయం ఎప్పుడో అయిపోయింది. అంటే బంతి నేరుగా కొత్తవాడది.

"నువ్వు జూడలేదా?" అన్నాను.

"నేను ఏసిన పిల్ల కాళ్లు జూస్తాన మేడమ్. అడుగులు నన్ను జూడమంటిరి గద. మీరు కిందనే ఉన్నరు, మీకు కనబడ్తదనుకున్న."

నేను బుట్ట కిందే ఉన్నాను. కానీ పైకి చూడలేదు. ఒకరినొకరు నెట్టుకుంటున్న మోచేతులు, భుజాలు చూస్తున్నాను. మేం చేసుకున్న ఏర్పాటు ప్రకారం ఎవరి పని వాళ్లం చక్కగా చేశాం. బంతిని చూసినవాళ్లే లేరు.

సేటును అడిగితే, "టక్ మని ఇనబడ్డది" అన్నాడు. బుట్ట వెనక బోర్డు బోల్టులు వదులు. బంతి దేనికి తగిలినా టక్ మనే అంటుంది.

"ప్లేయర్లను అడుగుదాం" అన్నాను.

"అడగొద్దు మేడమ్, రూల్‌ల లేదు" అన్నాడు అబ్బాయి. వద్దనే అన్నాడు గానీ అతనికీ వేరే దారి తోచినట్టు లేదు.

బంతి కోసం ఎగిరిన గుంపులో అందరికన్నా ముందున్నది కొత్తవాడ అమ్మాయి. పిలిచి అడిగాను.

"తాకింది మేడమ్" అంది వెంటనే.

హన్మకొండ కెప్టెన్‌ను పిలిచాను. వేసింది తనే.

"లేదు మేడమ్, తాకలే" అంది ఆమె కూడా అంతే ధీమాగా.

నాకు ఒక్క నిమిషం ఏమీ అర్థం కాలేదు. తాకిందంటే బంతి హన్మకొండ దగ్గరే ఉంటుంది. తాకలేదంటే కొత్తవాడకు వస్తుంది. ఇద్దరూ ఎవరి జట్టుకు నష్టమయ్యే మాట వాళ్లే చెప్పారు. నిజాయితీ అనుకుందామంటే ఇద్దరి మాటా నిజం కావడానికి వీల్లేదు. నిబంధన తలకిందులుగా అర్థమైందా? తాకితే ఇరవై నాలుగు కాస్తా పద్నాలుగవుతుందని మాస్టారు అరిచాడు కాబట్టి, తాకడమే తమకు లాభమని కొత్తవాడ అమ్మాయి అనుకుందా? తాకకపోతే ఆ పద్నాలుగు గొడవే ఉండదని కెప్టెన్ అనుకుందా? లేక ఒకరైనా చూసింది చూసినట్టు చెప్పారా? చెబితే ఎవరు? ఇద్దరి మొహాలూ చూశాను. చెమట తప్ప ఏమీ కనబడలేదు.

మెట్ల మీద జనం ఏం జరుగుతోందో తెలియక ఒకరినొకరు అడుగుతున్నారు.

"పద్నాలుగు" అన్నాను. ఎందుకలా అన్నానని అడిగితే, బంతి సాధారణంగా రింగుకు తగులుతుంది కాబట్టి అంటాను. అంతకన్నా పెద్ద కారణం అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు.

పక్క గీత దగ్గర నేనే బంతి అందించి ఆట మొదలుపెట్టించాను. హన్మకొండ పిల్లలు వీలైనంతసేపు తిప్పి, సేటు గొంతు "మూడు, రెండు" అంటుండగా వేశారు. ఈసారి రింగుకు తాకింది. అందరం చూశాం. పక్కకు వచ్చిన బంతిని కొత్తవాడ అమ్మాయి గాలిలోనే లాక్కుని అవతలి వైపు పరుగు తీసింది. ఆమె కన్నా ముందు చేరాలని నేనూ పరుగెత్తాను. ఆ వయసులో ఎలా పరుగెత్తానో నాకే తెలియదు. బుట్ట కిందకు చేరి తిరిగి చూసేసరికి ఒక్క అమ్మాయి అడ్డం ఉంది. ఆ పిల్లను తప్పించి కొత్తవాడ అమ్మాయి బంతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

కాలు నేల మీద ఉంది. అది సున్నా. తరువాత ఒకటి. ఇంకొక్క అడుగు ఉంది ఆమెకు, నిబంధన ప్రకారమే ఉంది. ముందు ఎవరూ లేరు.

ఆగిపోయింది. ఆగి, నా నోట్లో ఉన్న ఈల వైపు చూసింది.

ఈల మోగలేదు. మోగలేదని ఆమెకు అర్థమై, నిలబడిన చోటు నుంచే ఎగిరి వేసింది. హారన్ మోగింది. ఆ తరువాతే బంతి ఆమె చేతిని వదిలింది. చక్కగా బుట్టలో పడింది. ఆలస్యమైందని ఘన్‌పూర్ అబ్బాయి చేతులు ఊపాడు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆరోజు ఎవరికీ అనుమానం లేదు.

నాకు వేరే అనుమానం పట్టుకుంది. ఈల ఊదలేదు, సరే. నా చెయ్యి లేచిందా? పాత అలవాటుతో భుజం వరకైనా కదిలిందా? దాన్ని చూసే ఆగిందా? బల్ల దగ్గర సంతకాలు పెడుతున్నప్పుడు ఘన్‌పూర్ అబ్బాయిని అడిగాను.

"నేను మిమ్ముల జూస్తలేను మేడమ్, హారన్ కోసం సేటు దిక్కు జూస్తాన" అన్నాడు.

సేటును అడగలేదు. ఆయన వాచీ చూస్తుంటాడని తెలుసు.

కోర్టు ఖాళీ అవుతోంది. తండ్రి జంపఖానా దులిపి మడతపెట్టి నా దగ్గరికొచ్చాడు. కూతురు నాలుగడుగులు వెనక నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మేడమ్, నేను మొదటి సంది జూసిన. బాలు అండ్ల పడ్డది గద. మరి ఓడిపోయినమంటాండ్రు."

హారన్ సంగతి చెప్పాను. తల ఊపాడు. సున్నా సంగతి చెప్పాను. తల ఊపడం ఆపేశాడు. పద్నాలుగు సంగతి మొదలుపెట్టేసరికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర ఆగుండ్రి మేడమ్. ఓడిపోతె బంద్ జేపిస్తనన్న మాట నిజమే. కని నాకైతె గిది ఓడిపోయిన లెక్క అనిపిస్తలేదు. గెల్సిన లెక్క గూడ లేదు. ఏమైందో మీకే సమజ్ గాలేనట్టుంది. గిసొంటిదానికి పిల్ల ఆటెట్ల బంద్ జేపియ్యాలె? ఇంకో ఏడు ఆడని. వాళ్లమ్మకు నేన్జెప్త."

ఆ కుటుంబంలో ఆరోజు ఒక మంచి జరిగిందంటే అది మా అయోమయం వల్లే జరిగింది. అందుకు సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక, ఆయన ఆటో ఎక్కేదాకా అక్కడే నిలబడ్డాను.

మరుసటి ఏడాది ఆ అమ్మాయి మా కాలేజీలోనే ఇంటర్‌లో చేరింది. పొద్దున్నే కోర్టులో ఇద్దరం సున్నా అడుగు మీద పడ్డాం. ఆమె వేస్తుంది, నేను చూస్తాను. ఊదాలా వద్దా అని ఇద్దరం మాట్లాడుకుంటాం. కొన్ని నెలలకు ఆమె కాళ్లకు అది పట్టేసింది. పరుగు, పట్టు, ఎగరడం మధ్య ఎక్కడా అతుకు కనబడేది కాదు. ఈ నిబంధన పెట్టినవాళ్లు చూడాలనుకున్నది ఇదేనేమో అనిపించేది. నా చెయ్యి కూడా చాలావరకు మాట వినడం నేర్చుకుంది. అన్నిసార్లూ వినేదని మాత్రం చెప్పను.

ఆ ఏడాది చివర నేను రిటైరయ్యాను. ఆఖరి రోజు పిల్లలతో ఫోటోలు దిగాక, అందరూ వెళ్లిపోతుంటే ఆ అమ్మాయిని ఆపాను. అన్నాళ్లూ అడగలేకపోయాను. కోచ్‌గా ఉంటూ అడిగితే తప్పు పట్టినట్టుంటుందని భయం.

"బిడ్డా, ఆ ఫైనల్‌ల... నిజంగ రింగుకు తాకిందా?"

ఆమె నన్ను వింతగా చూసింది. వెక్కిరింత లేదు, దాపరికం లేదు.

"మీరు దాని కిందనే ఉన్నరు గద మేడమ్" అంది. "నేనైతె తాకిందనే అనుకున్న. మీరు పద్నాలుగు అనంగనే, అయితె మీరు గూడ జూసిండ్రు, నేను అన్నది కరెక్టే అని ధైర్యమొచ్చింది."